అడవి సేవకు పోయే యువకులు కూలి సంగతి కూడా అడగాలి

కాలేజీలకు సెలవులు ఇచ్చారంటే పట్నాల నుండి యువతీ యువకులు బృందాలుగా నేషనల్ పార్కులకు, అభయారణ్యాలకు సేవ చేయడానికి బయలుదేరుతున్నారు. వారం, పది రోజులు శిబిరం వేస్తారు. బాటలు బాగుచేస్తారు, ప్లాస్టిక్ ఏరుతారు, కంప కొడతారు, పక్షులను లెక్కపెడతారు. మన పల్లెల్లో చదువుకున్న పిల్లలు కూడా ఇప్పుడు ఇటువంటి శిబిరాలకు పోతామంటున్నారు. వ్యవసాయ కార్మికుల్లో పనిచేసే మావద్దకు వచ్చి, "పోవచ్చునా, మీరేమంటారు?" అని అడుగుతున్నారు. అవుననో కాదనో ఒక్కమాట చెప్పి పంపవచ్చు. కాని ఇందులో కూలి సమస్య ఉంది, అడవి హక్కుల సమస్య ఉంది, గిరిజనుల బతుకు సమస్య ఉంది. అందుచేత కొంచెం వివరంగా మాట్లాడుకోవలసి ఉంది.

మా అభిప్రాయం ముందే చెబుతాం. పోవాలి. ఎండలో పలుగు పట్టని చదువు అరకొర చదువే. అడవిలో బతికేవాళ్ళతో కలిసి ఒక పూట గంజి తాగకుండా అడవిని గురించి ఉపన్యాసాలు చెప్పేవారికంటే, వారం రోజులు అరచేతులు బొబ్బలెక్కించుకునేవారు ఎంతో నయం. అయితే పోయేవాళ్ళు మూడు ప్రశ్నలు మూటగట్టుకుని పోవాలి. ఈ పని ఇంతకుముందు ఎవరు చేసేవారు? వాళ్ళ కూలి ఏమైంది? ఈ అడవిమీద హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలు అడుగుతూ చేసే సేవ ప్రజాసేవ అవుతుంది. అడగకుండా చేసే సేవ, ఎంత మంచి మనసుతో చేసినా సరే, కూలివాని నోటికాడి కూడు తీయడానికి ఉపయోగపడవచ్చు.

మన కార్యకర్తల్లో కొందరు ఇంకో మాట అంటున్నారు. "ఇదంతా ఉన్నవాళ్ళ పిల్లల షికారు. ఫోటోలు దిగి పోతారు. కూలోళ్ళకు దీంతో ఏం పని?" అంటున్నారు. ఇది తొందరపాటు మాట. అడవి ఎండిపోతే ముందు ఎండేది కొండ దిగువన ఉన్న మెట్ట పొలాలే. వాగు ఎండితే పని పోయేది రైతుకూ, అతని వెనక కూలికీ. వంటచెరకు, మేత, తునికాకు, విప్పపువ్వు, జిగురు, తేనె, వీటితో పూట గడుపుకునేది పేదలే. కాబట్టి అడవిని కాపాడే పని మన పని కాదనుకోవడం, మన ఇంటి వాసాలు మనమే ఊడబీక్కోవడంతో సమానం.

ఈ పని ఎవరిది?

నేషనల్ పార్కులో సంరక్షణ పనులు అని పెద్ద పేరు పెడతారు గాని, దగ్గరకు పోయి చూస్తే అవన్నీ మనకు తెలిసిన కూలి పనులే. వేసవి ముదరకముందే అడవిలో అగ్గి గీతలు తీస్తారు. అంటే బాటల పొడుగునా, హద్దుల పొడుగునా గడ్డి కోసి, ఎండుటాకు ఊడ్చి, ఒక పక్క అంటుకున్న నిప్పు రెండో పక్కకు దాటకుండా చేస్తారు. తర్వాత నాలుగు నెలలు అగ్గి కాపలా. పొగ కనబడితే పచ్చి కొమ్మలు పట్టుకుని పరుగెత్తి మంట కొట్టాలి. జంతువులు తాగడానికి పళ్ళెంలాగా కట్టిన సాసరు గుంటలకు నీళ్ళు పోయాలి. కందకాలు తవ్వాలి. రాతికట్టలు కట్టాలి. నర్సరీలో సంచులకు మట్టి నింపాలి. ఈ పని ఎక్కువగా ఆడకూలీలే చేస్తారు. కంప నరకాలి. రాత్రిపూట గస్తీ తిరగాలి.

రేంజరు జీపు ఎక్కి రావచ్చు, పోవచ్చు. రోజంతా అడవిలో ఉండేది దినకూలీలు, తాత్కాలిక వాచర్లు. ఎలుగుబంటి మీదపడితే ముందు దెబ్బ తినేది వాళ్ళు. పాము కరిస్తే ఆస్పత్రి దూరం. ఉద్యోగం పర్మినెంటు కాదు. మేము తిరిగే పల్లెల్లో అడవి పనికి పోయే కూలీలు ఎప్పుడూ చెప్పే మాట ఒకటే: "పని ఈ నెల, డబ్బులు ఏ నెలో." నిధులు రాలేదంటారు, మస్టరు పైకి పోయిందంటారు. పని మాత్రం ఆగరాదు.

ఇటువంటి చోటికి నలభైమంది విద్యార్థులు వచ్చి, ఉచితంగా మూడు కిలోమీటర్ల అగ్గి గీత తీసిపోయారనుకుందాం. పిల్లలు సంతోషంగానే పోతారు. కాని ఆ మూడు కిలోమీటర్లకు రావలసిన కూలి ఎవరి ఇంటికి పోవలసింది? అది పక్క గూడెంలో పొయ్యి వెలిగించే డబ్బు. పిల్లల శ్రమదానం మంచిదే. కాని దానం చేసేవాడు తన చేతిలోది ఇవ్వాలి గాని, పక్కవాని చేతిలోది తీసి ఇవ్వకూడదు.

పనిలో తెలివి

కూలి పని ఎవరైనా చేయవచ్చు అనుకోవడం చదువుకున్నవారిలో ఉన్న పెద్ద భ్రమ. ఒక ఉదాహరణ చూద్దాం. దేశంలోని అడవులను లంటానా కంప కమ్మేస్తోంది. దాని కింద గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే జింక లేదు, జింక లేకపోతే పులి లేదు. సరే, కొట్టేద్దామని యువకులు కొడవళ్ళు తీసుకుని నడుమెత్తున నరికిపోతారు. వాన పడగానే ఆ మొద్దు నుండి ఒక కొమ్మకు పది కొమ్మలు లేస్తాయి. చేసిన సేవ తెగులుకు ఎరువు వేసినట్లవుతుంది.

ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు, ఆయన సహచరులు ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పార్కులో దీనికి ఒక పద్ధతి రూపొందించారు. మొదలు చుట్టూ మట్టి తీసి, నేలకు కొన్ని అంగుళాల కింద తల్లివేరును నరికి, పొదను ఎత్తి తలకిందులుగా పడేయాలి. మళ్ళీ చిగురించదు. తర్వాత పక్షులు వాలే చెట్ల కింద, వాగుల వెంట మొలిచే పిల్ల మొక్కలను రెండు మూడేళ్ళు వరుసగా పీకుతూ ఉండాలి. ఖాళీ అయిన చోట స్థానిక గడ్డిని నిలబెట్టాలి. ఇది వారం రోజుల శిబిరంలో అయ్యే పని కాదని తెలుస్తూనే ఉంది. అక్కడే ఉండి, ఏ ఋతువులో ఏది మొలుస్తుందో ఎరిగి, ఏళ్ళతరబడి కనిపెట్టుకునే మనుషులు కావాలి. అటువంటి మనుషులు అడవి అంచున ఉన్నారు. వారికి కావలసింది పనికి భరోసా, చేసిన పనికి కూలి.

ఇటువంటి మరో కంప కథ మన కడప జిల్లాలోనే మొదలయింది. దేశాన్ని కమ్మేసిన సర్కారు తుమ్మ ఇక్కడిది కాదు, అమెరికా ఖండపు చెట్టు. 1870ల చివర బ్రిటిష్ అటవీ అధికారులు విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. సర్కారు వేసింది గనుక ఆ పేరు దానికి అన్నివిధాలా తగింది. ఈనాడు అది చెరువులను, పోరంబోకులను, పక్షుల కొలనులను ఆక్రమించింది. అయితే మన పల్లె పేదలకు అదే వంటచెరకు, అదే బొగ్గు. అందుచేత ఏ పార్కులోనైనా సర్కారు తుమ్మ పీకుతామంటే మొదట అడగవలసిన ప్రశ్న: పీకిన కట్టె ఎవరికి? కాంట్రాక్టరు లారీకా, ఊరి పొయ్యికా? ఈ ప్రశ్నకు జవాబు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో దొరుకుతుంది.

భరత్‌పూర్ నేర్పిన పాఠం

భరత్‌పూర్ పక్కన కేవలాదేవ్ ఘనా అనే చిత్తడి నేల ఉంది. విస్తీర్ణం 29 చదరపు కిలోమీటర్లే గాని, పక్షులకు ప్రపంచ ప్రసిద్ధమైన చోటు. పూర్వం అది మహారాజుల వేట మైదానం. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో పరివారం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చి చంపింది. ఆ లెక్కను గొప్పగా రాతిమీద చెక్కించుకున్నారు కూడా. అదే నేలలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తరతరాలుగా బర్రెలు మేపుకున్నారు, గడ్డి కోసుకున్నారు.

1980ల మొదట్లో దాన్ని నేషనల్ పార్కు చేశారు. 1982లో పశువుల మేతను పూర్తిగా నిషేధించారు. ఎవరినీ అడగలేదు, బదులు మేత చూపలేదు. ఆ నవంబరులో ఊళ్ళవాళ్ళు ఎదురు తిరిగారు. పోలీసులు కాల్పులు జరిపారు. పాడి మీద బతికే పేదలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకేరోజు వేల పక్షులను చంపిన దొరలకు శిలాఫలకం, బర్రెకు గుప్పెడు గడ్డి అడిగినవారికి తూటా!

తర్వాత ఏమయింది? బర్రెలు పోయాయి. నీటిలో పెరిగే ఒకరకం గడ్డి అడ్డూ అదుపూ లేకుండా అల్లుకుపోయింది. నీటి పక్షులకు వాలడానికి తెరిపి నీరు కరువైంది. గడ్డిని తీయడానికి యంత్రాలు పెట్టవలసి వచ్చింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు అక్కడ పదేళ్ళపాటు పరిశోధన చేశారు. మేత నిషేధం చిత్తడి నేలకు మేలు చేయలేదనీ, బర్రెల మేత ఆ గడ్డిని అదుపులో ఉంచేదనీ తేల్చారు. బర్రెల కాపరికి తెలిసిన సంగతి పదేళ్ళ పరిశోధన తర్వాత అధికారులకు తెలిసింది. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

అదే పార్కులో తర్వాత మరో మంచి పని కూడా జరిగింది. సర్కారు తుమ్మ కమ్ముకున్నప్పుడు, 2000 తర్వాతి దశాబ్దంలో, చుట్టుపక్కల గ్రామాల కమిటీల ద్వారా పీకించారు. పీకినవాళ్ళు కట్టె తీసుకుపోవచ్చునన్నారు. కట్టె వేరులోనూ ఉంటుంది గనుక జనం వేరుతో సహా తవ్వి తీశారు. కాంట్రాక్టరు అయితే పైపైన నరికి బిల్లు చేసుకుపోయేవాడు. పేదవాని అవసరమూ, పక్షి అవసరమూ ఒకచోట కలిసినప్పుడు పని ఎంత శుభ్రంగా జరుగుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. అక్కడి రిక్షా కార్మికులు కూడా పక్షుల పేర్లు నేర్చుకుని, వచ్చినవారికి పక్షులను చూపిస్తూ ఎంతోకాలంగా బతుకుతున్నారు. ప్రజలు ప్రకృతికి శత్రువులనే సిద్ధాంతానికి భరత్‌పూర్ రిక్షావాళ్ళే జవాబు.

అమెరికాలో కూలి ఇచ్చారు

యువకులను పెద్దఎత్తున అడవి పనికి పంపిన దేశం ఒకటుంది. అది పెట్టుబడిదారీ దేశాల్లో పెద్దదైన అమెరికాయే. 1929లో మొదలైన ఆర్థిక సంక్షోభంలో లక్షలమంది కుర్రాళ్ళు పని లేక రోడ్ల వెంట తిరుగుతుంటే, 1933లో రూజ్వెల్ట్ ప్రభుత్వం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే దళాన్ని పెట్టింది. 1942 దాకా నడిచిన ఆ దళంలో సుమారు 30 లక్షలమంది యువకులు పనిచేశారు. సుమారు 300 కోట్ల మొక్కలు నాటారు. నేషనల్ పార్కుల్లో బాటలు వేశారు, కార్చిచ్చులు ఆర్పారు. వాళ్ళు ఉచితంగా చేయలేదు. నెలకు 30 డాలర్లు జీతం, తిండి, బట్ట, వసతి ఇచ్చారు. అందులో 25 డాలర్ల దాకా ఇంటికి పంపేవారు. అంటే అడవి పనితో వెనక ఉన్న కుటుంబాలు కూడా గంజి తాగాయి.

అక్కడి కార్మిక సంఘాలు మొదట ఈ పథకాన్ని వ్యతిరేకించాయి. రోజుకు ఒక డాలరుకు పని చేయిస్తే దేశంలో కూలిరేట్లన్నీ పడిపోతాయని అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అధ్యక్షుడు విలియం గ్రీన్ అభ్యంతరం చెప్పాడు. ప్రభుత్వం దిగివచ్చి, మెషినిస్టుల యూనియన్ నాయకుడు రాబర్ట్ ఫెక్నర్‌నే దళానికి డైరెక్టరుగా నియమించింది. అంతేకాదు, అడవి పని ఎరిగిన స్థానికులను అనుభవజ్ఞులన్న పేరుతో జీతానికి తీసుకుని, పట్నం కుర్రాళ్ళకు పని నేర్పించింది. స్థానికుని పని పోలేదు, గౌరవం పెరిగింది. సంఘం నోరు విప్పితే ఏం జరుగుతుందో ఇక్కడ గమనించాలి.

అలాగని అది ఆదర్శ పథకం అనుకోరాదు. నల్లజాతి యువకులకు వేరే శిబిరాలు పెట్టారు. ఆడపిల్లలకు దళంలో చోటే లేదు. వర్జీనియా రాష్ట్రంలో షెనాండోవా నేషనల్ పార్కు కోసం సుమారు 500 కొండ కుటుంబాలను ఖాళీ చేయించారు. వాళ్ళ ఇళ్ళను కూల్చే పని ఈ దళంలోని కుర్రాళ్ళ చేత కూడా చేయించారు. ఆ కుర్రాళ్ళు పేదింటి పిల్లలే. పేదవాని ఇంటిని పేదవాని కొడుకు చేత కూల్పించారు! మనం చెప్పే మూడు ప్రశ్నలు వాళ్ళకు ఎవరైనా నేర్పి ఉంటే, ఆ పలుగు ఎత్తేముందు కొందరైనా ఆగి ఉండేవారు.

మన కొండల్లో

ఇక మన సంగతికి వద్దాం. తెలంగాణాలో ఉన్న మూడు నేషనల్ పార్కులూ హైదరాబాదులో, దాని చుట్టుపట్లా ఉన్నాయి. ఆంధ్రలో తిరుపతి శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర పార్కును 1989లో ప్రకటించారు. గోదావరికి ఇరువైపులా ఉన్న పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో నేషనల్ పార్కు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి అది. నల్లమల నేషనల్ పార్కు కాదు, 1983 నుండి పులుల రిజర్వు. 2014 రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణా వైపు భాగం అమ్రాబాద్ రిజర్వు అయింది. యువకుల శిబిరాలకు ఇక్కడ పనికి కొదవలేదు.

పాపికొండల్లో కొండరెడ్లు, కోయలు ఉన్నారు. నల్లమలలో చెంచులు ఉన్నారు. చెంచు పెంటల్లో పుట్టినవాళ్ళకు పులి అడుగు చూస్తే అది ఆడదో మగదో, ఏ పూట నడిచిందో తెలుస్తుంది. అటవీశాఖ కూడా వాళ్ళను బేస్ క్యాంపుల్లో వాచర్లుగా, పులుల జాడ తీసేవారిగా పెట్టుకుంటోంది. చెంచు లేకుండా నల్లమలలో పులుల లెక్క లేదు. కాని పులుల సంఖ్య పెరిగినప్పుడు పేపర్లో ఫోటో ఎవరిది? సొమ్మొకడిది, సోకొకడిది!

చట్టాన్ని కూడా మనం తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంలో కొన్ని హక్కులను కొనసాగనివ్వడానికి వీలుంది. నేషనల్ పార్కు అయితే ఆ వెసులుబాటు లేదు, పశువు అడుగు పెట్టరాదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి దేశవ్యాప్తంగా ఆదివాసులు పోరాడితే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అది నేషనల్ పార్కులకూ, అభయారణ్యాలకూ వర్తిస్తుంది. హక్కుల గుర్తింపు పూర్తికాకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ లేపడానికి వీల్లేదని అందులో ఉంది. అడవినీ, వన్యప్రాణులనూ, నీటి వనరులనూ కాపాడే అధికారాన్ని ఐదో సెక్షన్ గ్రామసభకే ఇచ్చింది. అంటే సంరక్షణ చేసే హక్కు కూడా చట్టప్రకారం అక్కడి ప్రజలది. పాపికొండలు నేషనల్ పార్కు అయింది ఈ చట్టం వచ్చిన తర్వాతే. కాబట్టి అక్కడికి సేవకు పోయే బృందం రేంజి ఆఫీసు అనుమతి కాగితంతోపాటు గ్రామసభ మాట కూడా తీసుకోవడం ధర్మం.

కూలి లేని అడవి పని మన తెలుగువారికి కొత్తది కాదు. దానికి మన పెద్దలు పెట్టిన పేరు వెట్టి. మద్రాసు అటవీ చట్టం వచ్చిన 1882 నుండి మన్యంలో పోడు మీద, అడవి ఫలసాయం మీద ఆంక్షలు బిగిశాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనిలో గిరిజనుల చేత చాకిరీ చేయించి కూలి ఎగ్గొట్టాడు. 1922-24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన తిరుగుబాటుకు కారణాల్లో ఇది ముఖ్యమైనది. నూరేళ్ళ తర్వాత అదే కొండల్లో, అవే పనులను సేవ అనే కొత్త పేరుతో ఉచితం చేస్తామంటే కష్టజీవులు ఎలా ఊరుకుంటారు?

డబ్బు లేదన్న మాట

"ప్రభుత్వం దగ్గర అంత డబ్బు ఎక్కడిది? అందుకే వలంటీర్లు" అని కొందరు అంటారు. ఇది నిజం కాదు. గనులకు, డ్యాములకు, రోడ్లకు అడవిని ఇచ్చినప్పుడు నష్టపరిహార వనీకరణ పేరుతో కంపెనీల నుండి, సంస్థల నుండి డబ్బు వసూలు చేస్తారు. 2016లో దీనికి చట్టం చేశారు. 2019 ఆగస్టులో కేంద్రం ఈ నిధి నుండి రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా బదిలీ చేసింది. అడవి పోయినందుకు వచ్చిన డబ్బు అది. అడవి పోయి ఎవరు నష్టపోయారో వాళ్ళకు పని చూపడానికి, సకాలంలో కూలి ఇవ్వడానికి అది ఖర్చు కావాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూడా అడవి భూముల్లో కందకాలు, నీటికుంటలు తవ్విన అనుభవం మనకు ఉంది. కాబట్టి లేనిది డబ్బు కాదు, పేదవానికి ముందు ఇవ్వాలన్న బుద్ధి.

"సేవకు కూడా కూలి లెక్క కడతారా?" అని ఇంకొందరు నొచ్చుకుంటారు. విద్యార్థికి కూలి ఇమ్మని మేము అనడం లేదు. విద్యార్థి చేసిన పని పేరు చెప్పి కూలివానికి ఎగ్గొట్టవద్దంటున్నాం. ఈ తేడా పెద్దలకు అర్థం కాకపోయినా పిల్లలకు అర్థమవుతుందనే నమ్మకం మాకుంది.

ఏం చేయాలి?

శిబిరానికి పోయే యువకులకు మా సలహాలు ఇవి.

ఒకటి: కూలి పనిగా నడుస్తున్నదాన్ని ఉచితంగా చేయవద్దు. అగ్గి గీత, కంప కొట్టడం, కందకం వంటి పనుల్లో చేయి వేయాలనుకుంటే స్థానిక కూలీల పక్కన నిలబడి, వాళ్ళ దగ్గర పని నేర్చుకుంటూ చేయండి. మీరు వచ్చినందువల్ల ఒక్క పనిదినం కూడా వాళ్ళకు తగ్గరాదని శిబిరం పెట్టేవారితో ముందే కాగితం మీద రాయించుకోండి.

రెండు: కూలి లెక్కలోకి రాని పనులు బోలెడున్నాయి, అవి చేయండి. ఏటా జనవరిలో జరిగే నీటిపక్షుల లెక్కింపు 1987 నుండి వలంటీర్ల మీదనే నడుస్తోంది. అటువంటి లెక్కలు కట్టండి. శ్రీశైలం దారిలో పట్నం యాత్రికులు పారేసే ప్లాస్టిక్‌ను పట్నం పిల్లలే ఏరడం న్యాయం. పారేయకుండా యాత్రికులకు చెప్పడం ఇంకా న్యాయం. గూడెం పిల్లలకు రాత్రి బడి నడపండి. అటవీ హక్కుల దరఖాస్తులు నింపిపెట్టండి. మ్యాపు చూడటం వచ్చినవాళ్ళు గ్రామసభ హద్దులు గీయడంలో సాయం చేయండి.

మూడు: మస్టరు అడిగి చూడండి. వాచరుకు ఎన్ని నెలల జీతం బాకీ ఉందో, బూట్లు, టార్చిలైటు ఉన్నాయో లేవో, ప్రమాదం జరిగితే బీమా ఉందో లేదో కనుక్కొని రాయండి. మీ మాట పట్నంలో వినిపిస్తుంది. వాళ్ళ మాట కొండ దిగదు.

నాలుగు: చిన్న చెత్త ఏరుతూ పెద్ద నష్టాన్ని మరచిపోకండి. పోలవరం జలాశయం కింద పాపికొండల అడవిలో కొంత భాగం, కొండరెడ్ల, కోయల ఊళ్ళు మునిగే భాగంలో ఉన్నాయి. అక్కడ ప్లాస్టిక్ సీసా ఏరిన చేతులు, నిర్వాసితులకు న్యాయమైన పునరావాసం కావాలనే వినతిపత్రం మీద సంతకం కూడా పెట్టాలి.

మన సంఘాల బాధ్యత కూడా తక్కువ కాదు. అడవి పనికి పోయే కూలీలను, వాచర్లను సంఘంలో చేర్చుకోవాలి. చెల్లింపు జాప్యం మీద, కనీస వేతనం మీద, పర్మినెంటు చేయడం మీద డిమాండ్లు రాసి జిల్లా అధికారులకు ఇవ్వాలి. పార్కు పనుల లెక్కలను గ్రామసభలో చదివి వినిపించాలని పట్టుబట్టాలి. శిబిరానికి వచ్చిన పిల్లలను వెక్కిరించి పంపకుండా, ఒక సాయంత్రం కూర్చోబెట్టి మన కథ చెప్పాలి. పట్నం కాలేజీ పిల్లవాడు చెంచు వాచరుతో కలిసి నాలుగు రాత్రులు గస్తీ తిరిగితే, తర్వాత పులిని గురించి మాట్లాడినప్పుడల్లా వాచరును గురించీ మాట్లాడతాడు. ఇది మన ఉద్యమానికి చిన్న లాభం కాదు.

పులి బతకాలి. పులిని కాచే మనిషీ బతకాలి. ఒకరిని చూపి రెండోవాని కడుపు కొట్టే సంరక్షణ ఎంతోకాలం నిలవదని భరత్‌పూర్ చెప్పింది. కాబట్టి యువకులారా, అడవికి పోండి. మీ సంచిలో నీళ్ళసీసాతోపాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అందులో పక్షుల పేర్లు ఎన్ని ఉన్నాయో, కూలీల బాకీలు కూడా అన్ని రాసుకుని రండి. మా సంఘం తలుపులు తెరిచే ఉంటాయి. ఆ లెక్క మీద కలిసి కొట్లాడదాం.